అంగుళం కొట్టిన ట్రిప్పు

మెడ వెనక్కి తిప్పి, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, రెండో అరచేతి కింద స్టీరింగును దొర్లిస్తూ అతను బస్సును వెనక్కి తెస్తున్నాడు. తెల్లవారుజాము మంచుకి అద్దాలు మసకబారాయి. అయినా అతనికి అద్దంతో పనిలేదు. వెనకున్న బస్సు ఎంత దూరంలో ఉందో అతనికి నడుములో తెలుస్తుంది. ఇంకో జానెడు, ఇంకో బెత్తెడు, ఇక చాలు. హ్యాండు బ్రేకు లాగాడు. గాలి బుస్సుమంది. డ్రైవరు తలుపు తీసుకుని కిందికి దూకి, ఒక కన్ను మూసి వరుస చూసుకున్నాడు. కుదిరింది.

"నా బస్సేది అంగుళం బాబాయ్?" అంటూ ఒక డ్రైవరు టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వచ్చాడు.

"మూడోది. బ్రేకులకి ఎయిరు నిండింది. స్టార్టు చేసే ఉంచా, పో."

డిపో యార్డు సంగతి బయటివాళ్ళకి తెలియదు. సాయంత్రం వచ్చిన బస్సు వచ్చినట్టే పడుకోదు. డీజిలు పోయించుకోవాలి, కడిగించుకోవాలి, మెకానిక్కు కింద దూరి తట్టి చూడాలి, ఆ తర్వాత తన చోటు చూసుకుని నిలబడాలి. పొద్దున్నే ముందు వెళ్ళేది గేటు దగ్గర, ఆలస్యంగా వెళ్ళేది గోడ దగ్గర. ఇరుకింటికి చుట్టాలొస్తే పెందరాళే లేచి వెళ్ళేవాళ్ళని గుమ్మం దగ్గర పడుకోబెట్టినట్టన్నమాట. ఒక్క బస్సు తప్పు చోట నిలిచిందంటే మిగతావన్నీ దాన్ని దాటలేక ఆగిపోతాయి. ఊళ్ళో జనం స్టాపుల్లో నిలబడి డిపోలో అందర్నీ పేరుపేరునా తిట్టుకుంటారు. ఈ పడకలన్నీ వేసేవాడు అతను. ఉద్యోగం పేరు డ్రైవరే. నడిపే దూరం మాత్రం గోడ నుంచి గేటు దాకా, మళ్ళీ గేటు నుంచి గోడ దాకా.

బస్సుకీ బస్సుకీ మధ్య అంగుళం సందు మాత్రమే వదులుతాడు కాబట్టి డిపో అంతా అతన్ని అంగుళం అంటుంది. ప్రయాణికుల తలుపు ఉన్న వైపు ఆ మాత్రం చాలు, యార్డులో ఆ తలుపుతో ఎవరికీ పనిలేదు. డ్రైవరు తలుపు వైపు మాత్రం మనిషి పక్కకి తిరిగి దిగేంత చోటు ఉంచుతాడు. అతని వల్లే సగం బస్సులకని కట్టిన యార్డులో బస్సులన్నీ పడుతున్నాయి. అదే అతని కొంప ముంచింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పటి మేనేజరు, "రెండు వారాలు యార్డు చూడవయ్యా, తర్వాత రూటు ఇస్తాను" అన్నాడు. ఆ రెండు వారాలూ ఇప్పటికీ పూర్తి కాలేదు. మేనేజర్లు మారారు. ఒకాయన వెళ్ళిపోతూ ఇంకొకాయనకి తాళాలూ ముద్రలూ అప్పజెప్పేటప్పుడు, "అంగుళాన్ని మాత్రం కదపకండి" అన్న మాట కూడా అప్పజెప్పి వెళ్ళేవాడు. పని బాగా వచ్చినవాడికి దొరికే బహుమానం ఆ పనే.

అతను పొట్టి మనిషి. ముంజేతులు లావు. ఏళ్ళ తరబడి వెనక్కి చూసీ చూసీ మెడ ఒక పక్కకి కాస్త తిరిగి ఉండిపోయింది. ఎదుటివాడితో మాట్లాడుతున్నా పక్కవాణ్ణి పలకరిస్తున్నట్టే ఉంటుంది. దీనివల్ల కొత్తగా చేరిన మెకానిక్కులు ఒకరి తిట్లకి ఇంకొకరు నొచ్చుకున్న సందర్భాలున్నాయి. యార్డంటే అతనికి ఇష్టమే. బస్సులు ఒక్కొక్కటే బయటికి వెళ్ళిపోయి, కడిగిన నేల ఖాళీగా మిగిలినప్పుడు అతనికి కడుపునిండా తిన్నట్టుంటుంది. రూటు కావాలని ఎవరి గదికీ వెళ్ళి అడిగింది లేదు.

బాధంతా అతని భార్యది. ఆవిడకి ఉద్యోగుల ఇళ్ళలోవాళ్ళకిచ్చే పాసు ఉంది. ఆ పాసుతో ఆవిడ తిరగని ఊరు లేదు, ఎక్కని బస్సు లేదు. ఏ డ్రైవరు బ్రేకు మెల్లగా వేస్తాడో, ఏ డ్రైవరు గుంట చూసి కూడా పోనిస్తాడో ఆవిడ నోటికి చెబుతుంది. "ఊళ్ళో డ్రైవర్లందరి బస్సులూ ఎక్కాను, మా ఇంటి డ్రైవరు బస్సు తప్ప" అంటుంది. మీ ఆయనది ఏ రూటని పక్కింటివాళ్ళు అడిగితే, "గోడ నుంచి గోడ దాకా. మధ్యలో స్టాపుల్లేవు" అంటుంది. నవ్వుతూనే అంటుంది. కానీ ఆ నవ్వులో ఎక్కడో చిన్న ముల్లు ఉంటుందని అతనికి తెలుసు.

ఆవిడ ఇవాళ కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. కూతురికి తొలికాన్పు. ఇవాళో రేపో అని డాక్టరు చెప్పింది. అల్లుడివి రాత్రి డ్యూటీలు. వెళితే మళ్ళీ మూడు నెలలకి గాని రాదు. ఇంటి దగ్గర స్టాపులో ఆసుపత్రి రోడ్డు బస్సెక్కి పెద్ద బస్టాండుకి వెళ్ళి, అక్కడ తొమ్మిదింటి దూరపు బస్సు పట్టుకోవాలి. అది తప్పితే మళ్ళీ సాయంత్రం దాకా బస్సు లేదు. బస్టాండు దాకా వెళ్ళి సాగనంపుదామని అతనికి ఎంతో ఉంది. నిన్న పర్మిషన్ అడుగుదామని మేనేజరు గది గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల ఆయన ఫోనులో ఎవరినో కేకలేస్తున్నాడు. అతను అలాగే వెనక్కి వచ్చేశాడు. వెనక్కి రావడం అతనికి బాగా పట్టుబడిన విద్య.

"రాకపోతే పోయారు. బస్సెక్కడం నాకు కొత్తా?" అంది ఆవిడ రాత్రి బట్టలు సర్దుకుంటూ. మడిచిన చీరనే మళ్ళీ విప్పి మడిచింది. అదే అతనికి కష్టంగా తోచింది.

యార్డు సగం ఖాళీ అయ్యేసరికి ఎండ షెడ్డు రేకుల మీదికి ఎక్కింది. తర్వాత ఏ బస్సు తీయాలో కనుక్కుందామని అతను కంట్రోలరు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కంట్రోలరు చెవిలో పెన్ను దోపుకుని, చల్లారిన టీ ముందు పెట్టుకుని, నెత్తిన చెయ్యేసుకుని కూర్చున్నాడు. పక్కన బల్ల మీద ఆసుపత్రి రోడ్డు డ్రైవరు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బూటు లేసు కట్టుకుందామని వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడట. ఇద్దరు పట్టుకుని నిటారుగా సాగదీసి పడుకోబెట్టారు.

"లేసు వదిలేసినా పోయేది. ఎప్పుడూ కట్టుకోనివాణ్ణి, ఇవాళే బుద్ధి పుట్టింది" అని మూలిగాడు డ్రైవరు.

"స్పేరు డ్రైవరు ఒక్కడూ లేడు. ట్రిప్పు కాన్సిలే" అన్నాడు కంట్రోలరు, చెవిలోంచి పెన్ను తీస్తూ.

అంగుళం కిటికీ చువ్వ పట్టుకుని నిలబడిపోయాడు. ఆ ట్రిప్పు కోసమే ఈపాటికి ఆవిడ సంచులు గుమ్మంలో పెట్టి ఉంటుంది. ఫోను చేసి ఆటో ఎక్కమంటే ఎక్కదు. పాసు చేతిలో పెట్టుకుని ఆటోకి డబ్బులిచ్చేంత పిచ్చిదాన్ననుకున్నారా అంటుంది. తర్వాతి బస్సుకే వస్తుంది. దూరపు బస్సు వెళ్ళిపోతుంది. అక్కడ పిల్ల ఒక్కతీ ఉంటుంది.

"ఆ ట్రిప్పు నేను కొడతా సార్" అన్నాడు.

అన్నాక ఆ గొంతు ఎవరిదా అని అతనే పక్కకి చూశాడు. కంట్రోలరు కూడా చూశాడు. మేనేజర్ని పిలిచారు. ఆయన వచ్చి సంగతంతా విని, మొదట అడిగిన మాట, "మరి యార్డు?"

"యార్డు సగం ఖాళీ అయింది సార్. మిగిలినవి ముందు వరసలోనే ఉన్నాయి, ఎవరైనా తీసుకుపోవచ్చు. ఒక్క ట్రిప్పే. వచ్చేస్తా."

"లైసెన్సు ఉందా అసలు?"

"ఏటేటా రెన్యువల్ చేయిస్తూనే ఉన్నా సార్."

"దేనికి?" అన్నాడు మేనేజరు. నిజంగానే తెలియక అడిగాడు. బల్ల మీద పడుకున్న డ్రైవరే అడ్డం వచ్చాడు. "పంపించండి సార్. ఆ బస్సు సంగతి నాకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. ఇదిగో, నా చొక్కా కూడా ఇస్తా. ఆ గ్రీజు చొక్కాతో వెళితే జనం ఎక్కరు."

మేనేజరు గడియారం చూసుకున్నాడు, కంట్రోలరు కేసి చూశాడు, సరేనన్నాడు. డ్రైవరు నడుం కదలకుండా అతని ఒంటి మీద చొక్కా ఊడదీయడానికి ముగ్గురు పట్టారు. అది అంగుళానికి మోకాళ్ళ దగ్గరికి వచ్చింది. చేతులు పైకి మడిచి, అంచు లోపలికి దోపుకుని, తాగలేదని తేల్చే మిషనులో గట్టిగా ఊది, బస్సెక్కాడు. కండక్టరు అప్పటికే ఎక్కి కూర్చుంది. ఆమె గొంతు బస్సు ఈ చివర మొదలుపెడితే ఆ చివర దిగాల్సినవాడు ఉలిక్కిపడి లేస్తాడు. అందుకని ఆమెని మైకు అంటారు.

"బాబాయ్, నువ్వా? రివర్సులోనే వెళదామా, ముందుకేనా?"

"ముందుకే తల్లీ. కూర్చో."

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డకర్ర ఎత్తలేదు. అంగుళం బస్సు ఎప్పుడూ అక్కడిదాకా వచ్చి తిరిగిపోయేదే కదా, కుర్చీలో కాళ్ళు చాపుకుని చూస్తూ కూర్చున్నాడు. హారన్ కొడితే, "ఎటు బాబాయ్?" అన్నాడు.

"బయటికి."

వాచ్‌మన్ కాసేపు ఆలోచించి, లేచి కర్ర ఎత్తాడు. బస్సు రోడ్డెక్కాక కూడా దించడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

రోడ్డు అతనికి తెలియని చోటేమీ కాదు. రోజూ సైకిలు మీద వచ్చే దారే. కానీ అంత ఎత్తు మీద నుంచి, అంత పెద్ద అద్దంలోంచి, ఎదురుగా గోడ అనేదే లేకుండా చూడడం ఇదే మొదలు. యార్డులో మూడో గేరు అవసరం రాదు. అతని చెయ్యి రెండో గేరు దగ్గరే మొరాయించింది. సైకిళ్ళు దాటిపోతున్నాయి. ఒక ముసలాయన పక్కనే నడుస్తూ బస్సులోకి తొంగి చూసి, తన దారిన తను ముందుకు వెళ్ళిపోయాడు. మొదటి స్టాపు దగ్గర మాత్రం అతని పనితనం బయటపడింది. బస్సు మెట్టు వచ్చి కాలిబాట అంచుకి అంగుళం దూరంలో ఆగింది. కర్ర పట్టుకున్న పెద్దావిడ కాలు పైకెత్తే పనే లేకుండా లోపలికి అడుగుపెట్టి, "ఏమైంది ఈ బస్సుకి? కిందికి దిగిందా?" అని మైకుని అడిగింది.

ఆసుపత్రి దాటి, మలుపు తిరిగి, తమ వీధి మొగలో ఉన్న స్టాపు కనిపించేసరికి అతను వదులు చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఆవిడ నిలబడే ఉంది. ఒక పెద్ద సంచి, ఒక చిన్న సంచి, చంకలో గొడుగు, ముఖం మీద బస్సు ఆలస్యమైన కోపం. బోర్డు చూసింది, తల వంచుకుని చేతిసంచిలో పాసు కోసం వెతుక్కుంటూ ఎక్కేసింది. డ్రైవరు వైపు కన్నెత్తి చూడలేదు. వచ్చి సరిగ్గా అతని వెనక సీట్లోనే, కిటికీ పక్కన కూలబడింది. మైకు పాసు చూస్తూ పెదవుల మీద వేలు పెట్టుకుని అతని కేసి కన్ను గీటింది. అంత గొంతు గల మనిషి ఒక్క మాట కూడా అనకుండా ఉండడానికి ఎంత కష్టపడిందో ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది.

చెప్పేద్దామనుకున్నాడు. ఇన్నేళ్ళ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండో గేరులోనే పోనిచ్చాడు.

"డ్రైవరుగారూ, కాస్త కాలు నొక్కండి. మీ వెనకాల సైకిలువాడు బెల్లు కొడుతున్నాడు" అంది ఆవిడ.

అతను సైకిలువాడికి దారిచ్చాడు.

"తొమ్మిదింటి బస్సు అందుకోవాలండీ. మా అమ్మాయికి పురుడు." పక్కనున్నామెకేసి తిరిగి, "వినిపించుకోరు. నాకు తెలుసుగా, మా ఆయనా డ్రైవరే" అంది.

"ఏ రూటండీ?"

"గోడ నుంచి గోడ దాకా."

"గోడ దాటొచ్చాను" అన్నాడు అతను, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

పైనున్న అద్దంలోకి చూశాడు. ఆవిడ అద్దంలో అతని కళ్ళకేసే చూస్తోంది. పాసు చేతిలోంచి జారి ఒళ్ళో పడింది. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండడం పెళ్ళయ్యాక అతను ఎరగడు. ఒక స్టాపు వచ్చింది, జనం దిగారు, ఎక్కారు, మైకు రైట్ రైట్ అంది. అప్పుడు ఆవిడ ముందుకు వంగి, చాలా మెల్లగా, "చొక్కా ఎవరిది?" అంది.

"నడుం పట్టేసినాయనది."

"ఉతికిందేనా?"

ఆ తర్వాత ఇక ఆగలేదు. పక్కనున్నామెతో, "మా ఆయనే" అంది. ఆమె వెనక సీటుకి చెప్పింది. తర్వాతి స్టాపు వచ్చేసరికి బస్సంతా తెలిసిపోయింది. మైకు కూడా ఇక దాచుకోనక్కర్లేదు కనుక ఎక్కినవాళ్ళకి టిక్కెట్టుతో పాటు ఈ సమాచారం కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. కర్ర పట్టుకున్న పెద్దావిడ, "అదీ సంగతి. మొదటిసారి కాబట్టి అంత శ్రద్ధగా ఆపుతున్నాడు" అని తేల్చింది. డ్రైవరుతో మాట్లాడరాదని అతని తల పైన రాసి ఉంది. అతని భార్య దాన్ని పైకే చదివి, "అది ప్రయాణికులకి, పెళ్ళాలకి కాదు" అని, ఇంట్లో గ్యాసు కట్టెయ్యడం గురించీ, పాలవాడికి సగమే పొయ్యమని చెప్పడం గురించీ, తలకి నూనె పెట్టుకోవడం గురించీ వరసగా అప్పజెప్పింది. మధ్యలో, "ఏవండీ, దీనికి మూడో గేరు లేదా?" అంది.

అతను మూడో గేరు వేశాడు. బస్సు ఒక్కసారి గుక్క తిప్పుకుని సాఫీగా సాగింది. కిటికీల్లోంచి గాలి వచ్చింది. అతనికి సంతోషంగా ఉంది. ఇంకేమీ అక్కర్లేదన్నంత సంతోషంగా ఉంది. బస్టాండు ఇంకాస్త దూరంలో ఉంటే బాగుండునని, దూరంగా ఉంటే ఆవిడ బస్సు తప్పుతుందని, ఈ రెండూ ఒకేసారి అనిపించాయి.

పెద్ద బస్టాండులోకి తిరిగేసరికి ఇంకా సమయం ఉంది. దూరపు బస్సు ఆ చివర ప్లాట్‌ఫారం మీద జనాన్ని ఎక్కించుకుంటూ కనిపిస్తోంది. అంతా సవ్యంగానే జరిగేది. కానీ ఈ పక్కన అతనికి ఒక ఖాళీ కనిపించింది. ఎదురుగానూ ఎడమ పక్కనా గోడ, కుడి పక్కన నిలబెట్టి ఉన్న బస్సు, మధ్యలో సరిగ్గా ఒక బస్సు పట్టేంత చోటు. అతని చేతులు అతన్ని అడగలేదు. స్టీరింగు అరచేతి కింద దొర్లింది. బస్సు ఆ సందులోకి ఒక్క ఊపున, ఎక్కడా ఆగకుండా, ఒరలోకి కత్తి దిగినట్టు దిగింది. హ్యాండు బ్రేకు లాగాడు. గాలి బుస్సుమంది. తన తలుపు తీసుకుని కిందికి దూకి, పక్కకి తిరిగి బయటికి నడిచి, వెనక నిలబడి, ఒక కన్ను మూసి వరుస చూసుకున్నాడు. గోడకీ బస్సుకీ మధ్య అంగుళం. ఇంత బాగా యార్డులో కూడా ఎప్పుడూ కుదరలేదు.

అతను ఆ ముచ్చటలో ఉండగానే ఇంకో బస్సు వచ్చి అతని బస్సు వెనక అడ్డంగా ఆగింది. దాని డ్రైవరు ఇంజను కట్టేసి టీకి వెళ్ళిపోయాడు.

అప్పుడు చూశాడు. బస్సులో జనమంతా నిలబడి, సంచులు పట్టుకుని, మూసి ఉన్న తలుపుకేసీ, తలుపు అవతల ఉన్న గోడకేసీ చూస్తున్నారు.

"బాబాయ్," అంది మైకు కిటికీలోంచి, బస్టాండంతా వినేలా. "గోడలోంచి దిగమంటావా మమ్మల్ని?"

వెనక్కి తీద్దామంటే వెనక బస్సు. ఆ డ్రైవరు ఏ టీకొట్టుకి పోయాడో తెలియదు. అవతల ప్లాట్‌ఫారం మీద దూరపు బస్సు ఇంజను స్టార్టయింది. ఇన్నేళ్ళకి ఒక్క ట్రిప్పు దొరికితే ఆ ట్రిప్పులోనే ఆవిడ బస్సు తప్పించిన మొగుడు తనేనని అతనికి అర్థమైంది. ఆవిడ కిటికీలోంచి అతని కేసి చూస్తోంది. కోపం ఉంటుందనుకున్నాడు. ఆవిడ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని భుజాలు ఎగిరేలా నవ్వుతోంది.

"నా తలుపు ఉంది" అన్నాడు అతను, తనలో తను అనుకున్నట్టు. మళ్ళీ గట్టిగా, "ఇటు దిగండి. నా తలుపులోంచి దిగండి" అన్నాడు.

అలా దిగారు. ఇంజను మూత మీద కాలు పెట్టి, డ్రైవరు సీటు మీదుగా, ఇనప మెట్టు మీదుగా ఒక్కొక్కరే. అతను కింద నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి అందించాడు. ఆఫీసుకి వెళ్ళే ఆయన మొదట చిరాకుపడ్డాడు. డ్రైవరు సీట్లోకి వచ్చాక ఎందుకో ఆగి, స్టీరింగు మీద చెయ్యి వేసి చూసుకుని, ఏమీ అనకుండా దిగాడు. ఒక స్కూలు పిల్ల హారన్ కొట్టింది. దాంతో వెనకవాళ్ళందరికీ ధైర్యం వచ్చింది. దిగిన ప్రతివాళ్ళూ ఒకసారి హారన్ కొట్టే దిగారు. కర్ర పట్టుకున్న పెద్దావిడ రెండుసార్లు కొట్టింది. ఆమెని అతను ఇంచుమించు ఎత్తుకునే దింపాల్సి వచ్చింది. "ఇంటి దగ్గర చెబితే నమ్మరు" అంది ఆమె, నేల మీద కుదురుగా నిలబడ్డాక.

ఈలోగా మైకు కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, దూరపు బస్సు డ్రైవరుని పిలిచింది. మధ్యలో ఉన్న ప్లాట్‌ఫారాలన్నీ తిరిగి చూశాయి. "అన్నా, ఆగు. అంగుళం బాబాయ్ వాళ్ళావిడ రావాలి. లోపల ఇరుక్కుపోయింది." ఆ డ్రైవరు అదే డిపో మనిషి. ప్రతి ఉదయం అతని బస్సుని స్టార్టు చేసి గేటు దగ్గర నిలబెట్టేది అంగుళమే. ఆ డ్రైవరు చెయ్యి బయటపెట్టి, ఆగుతానన్నట్టు ఊపాడు.

అందరికన్నా చివర అతని భార్య వచ్చింది. ముందు సంచులు అందించింది, తర్వాత గొడుగు. డ్రైవరు సీట్లోకి వచ్చి దిగకుండా కూర్చుంది. రెండు చేతులూ స్టీరింగు మీద వేసింది.

"దిగవే, బస్సు పోతుంది."

"ఉండండి. ఇన్నాళ్ళూ ఎక్కడ కూర్చుంటున్నారో చూడనివ్వండి" అంది. అద్దంలోంచి ఎదురుగా చూసింది. ఎదురుగా ఏమీ లేదు, పెచ్చులూడిన గోడ. దానికేసే కాసేపు చూసి, "బాగానే ఉంది" అంది. తర్వాత అతను అందించిన చెయ్యి పట్టుకుని దిగింది.

పెద్ద సంచి అతను, చిన్న సంచి ఆవిడ పట్టుకుని పరుగెత్తారు. ఆవిడ నవ్వు ఇంకా ఆగలేదు. దూరపు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చున్నాక అతను కింద నిలబడి అద్దం చట్రం పట్టుకున్నాడు.

"పిల్ల పుట్టగానే ఫోను చెయ్యి."

"పిల్లో పిల్లాడో, చేస్తాను. మళ్ళీ వచ్చేసరికి గోడల మధ్యకి పోతారుగా మీరు?"

"ఏమో."

"పోతారు" అంది ఆవిడ. "పోనీలెండి. ఎక్కాను కదా."

బస్సు ప్లాట్‌ఫారం నుంచి వెనక్కి రావాలి. అక్కడ ఈల వేసే మనిషి ఎక్కడికో పోయాడు. అంగుళమే బస్సు వెనక్కి వెళ్ళి, చెయ్యెత్తి, "రానీ, రానీ, ఇంకా రానీ" అంటూ వెనక్కి రప్పించాడు. చాలన్నంత దూరం వచ్చాక పక్క రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. బస్సు ముందుకు తిరిగి, గేటు దాటి, రోడ్డు మీది రద్దీలో కలిసిపోయింది. అతను అక్కడే కాసేపు నిలబడి, రేపటి నుంచి పాలు సగమే పోయించుకోవాలని గుర్తు చేసుకుని, తన బస్సు దగ్గరికి వచ్చాడు.

వెనక బస్సు డ్రైవరు టీ తాగి వచ్చి, తన బస్సు తీసుకుపోయాడు. అంగుళం బస్సుని వెనక్కి తీసి, తలుపు మనుషులు ఎక్కే వైపు ఉండేలా పెట్టాడు. తిరుగు ట్రిప్పు కిటకిటలాడింది. జనం కడ్డీలు పట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు మూడో గేరు దానంతటదే పడింది. ఆసుపత్రి దాటాక అద్దంలోకి చూస్తే, అంతమంది నిలబడి ఉన్నా అతని వెనక కిటికీ పక్క సీటు ఖాళీగా కనిపించింది. ఎక్కినవాళ్ళు ఆ సీటు దాకా వచ్చి, కిందికి చూసి, పక్కకి తప్పుకుంటున్నారు. సీటు మీద ఏదో ఉంది. అద్దంలో అంతకన్నా కనబడలేదు.

డిపో గేటు దగ్గర మేనేజరు స్వయంగా నిలబడి ఉన్నాడు. రిపేరుకి వచ్చిన రెండు బస్సులని ఎవరో యార్డు మూతిలో అడ్డంగా పెట్టేశారట. లోపలివి బయటికి రావు, బయటివి లోపలికి పోవు. అంగుళం రాకకోసం అందరూ పెళ్ళికొడుకు కోసం చూసినట్టు చూస్తున్నారు. ట్రిప్పు ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు. జనంతో ఉన్న బస్సుని అక్కడే అందుకుని ముందుకు తీసుకుపోవడానికి రెండో షిఫ్టు డ్రైవరు సిద్ధంగా ఉన్నాడు.

అతను దిగాడు. యార్డు వైపు నడవబోయి, ఆగి, కంట్రోలరు కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"సార్, మూడు నెలల తర్వాత ఇదే రూటు, ఒక్క ట్రిప్పు నాకివ్వాలి."

"మూడు నెలల తర్వాత సంగతి ఇప్పుడెందుకు బాబాయ్? డ్యూటీలు వారం వారం వేస్తాం కదా."

"అడుగుతున్నా సార్. అడిగానని గుర్తుంటే చాలు. మరిచిపోతే మళ్ళీ వచ్చి అడుగుతా."

కంట్రోలరు అతని ముఖంలోకి చూసి, సరేనన్నాడు. అంగుళం వదులు చొక్కా చేతులు ఇంకో మడత పైకి తోసుకుని, యార్డు మూతిలో అడ్డంగా ఉన్న బస్సుల మధ్యకి నడిచాడు. కాసేపటికి అక్కడి నుంచి రివర్సు గేరు పడిన చప్పుడు వినిపించింది.

గేటు దగ్గర రెండో షిఫ్టు డ్రైవరు సీట్లో సర్దుకుంటూ వెనక్కి తిరిగి, "ఇదెవరిది? తీసెయ్యనా? జనం నిలబడ్డారు" అన్నాడు.

"ఉండనీ అన్నా" అంది మైకు. ఈసారి గొంతు పెద్దగా లేదు. "ఆ సీట్లో మనిషి ఉన్నారు."

బస్సు కదిలింది. కిటికీ పక్క సీటు మధ్యలో, నాలుగు మడతలు పెట్టిన నీలం గళ్ళ రుమాలు ఉంది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్న చోట ఇంకా కాస్త తడిగా ఉంది.